వేలితో పెట్టిన ముద్ద

షాపు మేడమీద గది,
వానలు మొదలైన వారం.

పిచ్చుకా,

ఫోన్ ఎత్తనని మా యజమానితో నా మీద చాడీలు చెప్పావట. ఎత్తి ఏం చెయ్యనే? నలభై ఏళ్ళు కోత మిషను పక్కన కూర్చున్నవాడి చెవుల్లో ఇంకా మిగిలిందేముంది? నువ్వు అక్కణ్ణుంచి అరిస్తే ఈ వీధి వీధంతా వింటుంది, నేను తప్ప. అందుకే ఉత్తరం రాస్తున్నాను. బైండింగు షాపువాడికి కాగితం కరువా!

అసలు విషయం చెప్తాను. షాపు వెనక షెడ్డులో కాగితాల కోతలు కుప్ప పోస్తాం, చూశావుగా. ఆ కుప్పలో ఒక బూడిదరంగు పిల్లి పిల్లల్ని పెట్టింది. ఎవరూ పెంచుకున్న పిల్లి కాదు. మనిషి నీడ కనపడితే చాలు, గోడ దూకేసేది. మొన్న అది లారీ కింద పడి చచ్చిపోయింది, నేనే తీసి పూడ్చాను. మర్నాడు చిత్తు కాగితాలు కొనేవాళ్ళు వచ్చి కుప్ప మొత్తం పారలతో ఎత్తి మోపులు కట్టాలి. యజమానికి చెప్తే "పిల్లులేగా, వాటి దారి అవి చూసుకుంటాయి" అని చీటీ మీద రాశాడు. నడకే సరిగ్గా రానివి ఏ దారి చూసుకుంటాయి చెప్పు!

వాటి అరుపు నాకు వినపడదు కదా. కుప్పలోకి చేతులు పెట్టి తడుముకుంటూ పోయాను. కరిచిన చోటల్లా ఒక పిల్ల దొరికింది. మొత్తం నాలుగు.

అట్టపెట్టెలో వేసి మేడమీదికి తెచ్చాను. ఇప్పుడు మంచం కింద మూల చేరి, వాళ్ళ తాతల ఆస్తి నేను మింగినట్టు చూస్తున్నాయి. పళ్ళెంలో పాలు పోస్తే ముట్టలేదు, దగ్గరికెళ్తే నోళ్ళు తెరిచి బుస కొడుతున్నాయి. నా చేతి నిండా గాట్లే. చెంచా పట్టుకుని అన్నం తినడానిక్కూడా చాతకావడం లేదు.

చిన్నప్పుడు వీధిలో పిల్లులన్నీ నీ ఒళ్ళోనే ఉండేవిగా, నువ్వే చెప్పు. మీ వదిన పోయాక ఈ గదిలో నేను కాక ఇంకో ప్రాణి మెసలడం ఇదే. వీటిని చావనివ్వను. ఎలా బతికించాలో రాయి.

నీ అన్నయ్య


కుట్టు మిషన్ల షెడ్డు,
భోజనాల వేళ.

చెవిటి మాలోకానికి,

తల్లి పోయిందని చదివి చేతిలో లాగూ అలాగే పట్టుకుని కూర్చున్నాను. మా సూపర్‌వైజరమ్మ వచ్చి కళ్ళెర్రజేస్తేగాని మిషను తిప్పలేదు.

సరే, ఏడుపు తర్వాత. ముందు ఆ పాలు పారబొయ్యి. ఆవుపాలు వాటికి అరగవు, విరేచనాలు పట్టుకుంటాయి. కోడి ముక్క ఉప్పూ కారం లేకుండా ఉడకబెట్టు, చేత్తో మెత్తగా నలుపు. నీకు నేర్పాలా? నీది పిండి కలిపే చెయ్యే కదా, అచ్చం నీ జిగురులా ఉండాలి. నేల మీద కూర్చో. వాటి కళ్ళలోకి చూడకు, నువ్వసలే మొహం మాడ్చుకుని ఉంటావు. వేలికి ఆ ముద్ద రాసుకుని చెయ్యి చాపి ఊరుకో. ఆకలి భయాన్ని మింగేదాకా ఓపిక పట్టు. ఒక్కసారి వేలు నాకిందంటే ఇంక నీదే.

చెంచాతో మాత్రం పెట్టకు, ఇనుము తగిలితే బెదురుతాయి. మన ఇంటి దొరల అలవాటు వాటికెందుకులే! అందరి ఇళ్ళలో చేత్తో తింటుంటే మన ఇంట్లో మాత్రం తలా ఒక చెంచా. పెళ్ళైన కొత్తలో మా అత్తగారు "మహారాణిగారికి చెంచా తీసుకురండ్రా" అని ఎన్నాళ్ళు ఆడిపోసుకుందో నీకేం తెలుసు. నువ్వు ఎలా తిన్నా, వాటికి మాత్రం వేలితోనే పెట్టు.

వాటికి పేర్లు పెట్టావా?

పిచ్చుక


షాపు మేడమీద గది,
వాన ముసురు.

పిచ్చుకా,

నాకింది! నా వేలు నాకిందే!

ముందు వచ్చింది లావుపాటిది, గోధుమరంగుది. దాని పేరు అట్ట. తర్వాత సన్నగా పొడుగ్గా ఉన్నది, అది సూది. సూది వెనకాలే తోకలా తిరిగేది దారం. నాలుగోది బూడిదరంగుది, అచ్చం తల్లి పోలికే, కుప్ప అడుగున ఆఖర్న దొరికింది గనక చిత్తు. మూడూ చేతికి అలవాటయ్యాయి, చిత్తు మాత్రం మంచం కింద నుంచి రాదు. నేను అటు తిరిగి పడుకున్నాక పళ్ళెంలో మిగిలింది తినిపోతుంది. పౌరుషం చూడు దానికి!

పిల్లి నాలుక గరుకు కాగితంలా ఉంటుందని ఇన్నేళ్ళూ నాకు తెలియదు. అట్ట నా వేలు శుభ్రంగా నాకి, గోరు కింద కూడా వదలకుండా నాకి, అక్కడే నా అరచేతిలో నిద్రపోతుంది. దాని గొంతు మీద ఇంకో వేలు పెట్టి చూశాను. లోపల చిన్న మిషను తిరుగుతోందే! ముందు భయపడ్డాను, రొప్పుతోందేమోనని. తర్వాత అర్థమైంది. చెవులు పోయాక నేను విన్న మొదటి చప్పుడు ఇదే, వేలితో విన్నాను. నవ్వకు.

షాపులో పని ఎక్కువగా ఉంది. వానలకి పుస్తకాలకి పురుగు పడుతోందని యజమాని జిగురులో మైలుతుత్తం రెట్టింపు కలపమన్నాడు. గోళ్ళు చూస్తే నీలం సిరా సీసాలో ముంచి తీసినట్టున్నాయి. జిగురు గిన్నె పొయ్యి మీంచి దింపీ దింపగానే పైకి పరుగెత్తుకొస్తున్నాను, ముగ్గురూ గుమ్మం దగ్గరే కాచుకుని ఉంటున్నారు. చేతులు కాసిని నీళ్ళలో ముంచి మాంసం నలపడమే ఆలస్యం, ఒళ్ళోకి ఎక్కేస్తారు.

నీ మాట విన్నందుకు ఈ జన్మలో మొదటిసారి సంతోషించాను.

అన్నయ్య


షాపు మేడమీద గది

పిచ్చుకా,

అట్ట పోయింది.

రెండు రోజులు తినలేదు, కక్కుకుంది, నోట్లోంచి సొంగ కారింది. పొద్దున నా చెప్పుల మీద పడుకుని ఉంది, నిద్రపోతోందనుకున్నాను. గొంతు మీద వేలు పెడితే ఏమీ లేదు.

నేనేం తప్పు చేశాను?

అన్నయ్య


కుట్టు మిషన్ల షెడ్డు

అన్నయ్యా,

నువ్వేం తప్పు చెయ్యలేదు. తల్లిపాలు లేని పిల్లలు, అన్నీ నిలవవు. నేను చిన్నప్పుడు ఎన్నిటిని పూడ్చానో నీకు గుర్తులేదా, పెరట్లో నడవడానికి చోటుండేది కాదని అమ్మ తిట్టేది. మిగతా వాటిని చూసుకో. దిగులుపడి పెట్టడం మానకు, వేలు అలవాటు తప్పిందంటే మళ్ళీ మొదటికొస్తాయి. నువ్వూ కాస్త తిను.

పిచ్చుక


షాపు మేడమీద గది

పిచ్చుకా,

సూది కూడా పోయింది. ఈసారి చూస్తూ కూర్చోలేదు, పశువుల డాక్టరు దగ్గరికి చొక్కాలో పెట్టుకుని తీసుకెళ్ళాను. పెదవి పైకెత్తి చిగుళ్ళు చూపించాడు, పసుపుపచ్చగా ఉన్నాయి. కక్కినదాంట్లో నీలంగా ఒక జీర ఉంది. కాలేయం చెడిపోయిందని కాగితం మీద రాశాడు. ఏం తింటోంది అని కింద రాశాడు. కోడిమాంసం అన్నాను. నేనూ ఆ మాంసమే తింటున్నాను, గుండ్రాయిలా ఉన్నానుగా, నేను చెంచాతో తింటాను, అది నా వేలితో తింటుంది, అంతేగా తేడా అన్నాను. ఆయన నవ్వాడు. నేనూ నవ్వాను, ఏడవలేక.

ఇంటికొచ్చేసరికి చొక్కాలోనే పోయింది. దారం ఇల్లంతా వెతుకుతోంది, సూది లేకుండా దానికి ఎటు పోవాలో తెలియదు. అది కూడా పొద్దుట్నుంచి సరిగ్గా తినడం లేదు. చిత్తు మాత్రం మంచం కింద కులాసాగా ఉంది. నన్ను చూసి ఇంకా బుసకొడుతూనే ఉంది. బుసకొట్టేదే బతికేట్టుంది, చేరదీసినవే పోతున్నాయి.

అన్నయ్య


మా ఇల్లు, వంటగది

అన్నయ్యా,

ఈ ఉత్తరం అందిన క్షణం నుంచీ వాటికి వేలితో పెట్టకు. చేత్తో నలపకు. రోకలితో నూరు, చెంచాతో పళ్ళెంలో వెయ్యి, తింటే తింటాయి లేకపోతే లేదు. వాటిని ముట్టుకోకు. చేతులు సబ్బుతో మోచేతుల దాకా కడుక్కో.

ఎందుకని అడక్కు. తర్వాత చెప్తాను. నా మాట విను, నీకు పుణ్యం ఉంటుంది.

నువ్వు వేళకి తిను. బెంగపెట్టుకోకు.

పిచ్చుక


షాపు మేడమీద గది,
వాన వెలిసింది.

ఏమే పిచ్చుకా,

వేలితో పెట్టమన్నదీ నువ్వే, పెట్టొద్దన్నదీ నువ్వే! మాట మీద నిలబడే వంశమేనా మనది? పూటకో మాట చెప్తే ఈ చెవిటివాడు ఎలా చచ్చేది?

దారం పోయిందే. దాని గురించి ఇంక రాయలేను.

కానీ ఒక సంగతి విను. దారాన్ని పూడ్చి వచ్చి, మెట్ల మీద కూర్చోలేక లోపలికొచ్చి నేల మీద కూలబడ్డాను. మోకాలికి ఏదో తగిలింది. చూస్తే చిత్తు! నా తల్లి చిత్తు, ఇన్నాళ్ళూ మొహం చూపించనిది, దానంతటది వచ్చి నా మోకాలికి తల రుద్దుతోంది. తోడు లేక వచ్చిందో, నన్ను చూసి జాలిపడి వచ్చిందో. వేలు చాపాను. వాసన చూసింది, ఆలోచించింది, నాకింది. ఆగలేదు ఇంక. ఇన్నాళ్ళ పంతమంతా ఒక్కరోజులో తీర్చేసుకుంది.

నీ ఉత్తరం తర్వాతి రోజు వచ్చింది. నీ మాట కాదనలేక చెంచాతో పెట్టి చూశాను. చెంచా చూడగానే మంచం కిందికి దూరింది, రెండు పూటలు బయటికి రాలేదు. నేను ఊరుకోగలనా? ఆ మిగిలింది అదొక్కటే. మళ్ళీ వేలు చాపాను, వచ్చేసింది. ఇప్పుడు నా మెడ కింద పడుకుంటోంది. దాని మిషను అట్ట మిషను కంటే పెద్దది, దిండు కూడా అదురుతుంది.

చేతులు కడుక్కోమన్నావు. నా చెయ్యి మురికిదని నీకు ఇప్పుడు గుర్తొచ్చిందా? ఈ చేత్తోనే కదే నిన్ను బడికి నడిపించింది. పోనీలే, ఏదో దిగులులో రాసుంటావు. ఇది బతుకుతుంది. నాకు తెలుసు.

అన్నయ్య


మా ఇల్లు

అన్నయ్యా,

నీ ఉత్తరం చదివి గోడకి తల కొట్టుకున్నాను. ఇంక దాచను.

చంపుతున్నది నీ వేలే. నీ వేలికున్న జిగురు. అందులో మైలుతుత్తం. గోళ్ళ సందుల్లో, చర్మం పగుళ్ళలో ఎండిపోయి ఉంటుంది, నీళ్ళలో ముంచితే పోదు. మాంసం ఆ చేత్తోనే నలుపుతావు, ఆ వేలే నాకిస్తావు. పురుగుని చంపేది గుప్పెడంత పిల్లని చంపదా అని మనిద్దరికీ తట్టలేదు. ముందు చేరువైన అట్ట ముందు పోయింది. దూరంగా ఉన్న చిత్తు మిగిలింది. నువ్వే రాశావు, నీకే అర్థం కాలేదు.

నాకెలా తెలుసో చెప్తాను. నాకు నాలుగేళ్ళప్పుడు నాన్న జిగురు గిన్నెలో వేలు పెట్టి నాకానట. నీలంగా కక్కుకుంటే నాన్న భుజాన వేసుకుని ఆసుపత్రికి పరుగెత్తాడు. ఆ తర్వాతే మన ఇంట్లోకి చెంచాలొచ్చాయి. జిగురు చెయ్యి నోటికి రాకూడదని. అప్పుడే నిన్ను తన బైండింగు పనిలో పెట్టుకున్నాడు, "అన్నయ్యకి చెప్పకు, పనికి భయపడతాడు" అని అమ్మ నాతో అనేది. పెద్దయ్యాక అదంతా ఎటు పోయిందో, దొరల అలవాటని నేనే వెక్కిరించాను. నువ్వు డాక్టరుతో అన్న చెంచా మాట చదివినప్పుడు గిన్నె గుర్తొచ్చింది, నాన్న భుజం గుర్తొచ్చింది.

అప్పుడే రాయొచ్చు. రాయలేదు. వదిన పోయాక నువ్వు మళ్ళీ నవ్వింది ఆ పిల్లల వల్లే. వాటి ప్రాణం నీ చెయ్యే తీసిందని నీకెలా చెప్పను? వేలు మానిపిస్తే చాలు, కారణం నీకు తెలియకుండానే చిత్తు బతికిపోతుందనుకున్నాను. షాపుకి ఫోన్ కూడా చేశాను. మీ యజమాని ఎత్తాడు. "మా అన్నయ్య చెయ్యి విషం, ఆయనకి చెప్పండి" అని పరాయివాడితో ఎలా అనను? పెట్టేశాను.

చిత్తుని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళు. ఈ ఉత్తరం చూపించు. మైలుతుత్తం అని చెప్పు, మందుంటుంది. ఇప్పుడే వెళ్ళు, మిగతాది తర్వాత చదువు.

వేలితో పెట్టమన్నది నేను. నీ తప్పు కాదు. నాది.

నీ చెల్లి


మా ఇల్లు

అన్నయ్యా,

నీ దగ్గర్నుంచి ఉలుకూ పలుకూ లేదు. పోస్టతను నన్ను చూస్తే దూరం నుంచే చెయ్యి ఊపేస్తున్నాడు, లేదని. తిట్టైనా తిట్టు. రెండు ముక్కలు రాయి. లేకపోతే నేనే బయల్దేరి వస్తాను.

నీ చెల్లి


షాపు మేడమీద గది,
చలి మొదలైంది.

చెల్లెలికి,

నీ రెండు ఉత్తరాలూ అందాయి.

మొదటిది చదివాక చేతులు కడిగాను. సబ్బుతో, సోడాతో, ఇటుకపొడితో. తోలు లేచింది గానీ గోళ్ళ కింద నీలం పోలేదు. చిత్తుని చొక్కాలో పెట్టుకుని డాక్టరు దగ్గరికి పరుగెత్తాను, నీ ఉత్తరం చూపించాను. ఈసారి ఆయన నవ్వలేదు. సూదిమందు ఇచ్చాడు. చిగుళ్ళు అప్పటికే పచ్చబడ్డాయి. తినగలిగితే చూద్దాం అని రాశాడు.

తినలేదు. చెంచాతో పెట్టాను, పళ్ళెంలో పెట్టాను, నేల మీద పెట్టాను. చెంచా వంక కూడా చూడలేదు. చేతికి గుడ్డ చుట్టుకుని పెడితే ఆ గుడ్డని పళ్ళతో పట్టి లాగింది. లోపల వేలుందని దానికి తెలుసు. చేతులు వెనక్కి పెట్టుకుని కూర్చున్నాను, చుట్టూ తిరిగి వెనక్కొచ్చింది. ముందుకి తెచ్చుకున్నాను, ముందుకొచ్చింది. నోరు తెరిచి నా మొహంలోకి చూసి అరిచింది. ఏమరిచిందో నాకు వినపడదు కదా. కింద కూరలమ్మే ఆమె మెట్లెక్కి వచ్చి ఏమైందని చేత్తో అడిగింది, అంత అరుస్తోందన్నమాట.

పక్కింటి పిల్లని బతిమాలి తెచ్చాను, శుభ్రమైన వేళ్ళు కదా అని. ఆ అమ్మాయిని కరిచింది. నేను నేర్పిన వేలు తప్ప ఇంకో వేలు దానికి వద్దు.

మళ్ళీ డాక్టరు దగ్గరికి వెళ్తే, ఇంక ఇంటికి తీసుకెళ్ళండి అని రాసి ఆ కాగితం నా చేతిలో పెట్టాడు. తెచ్చాను. ఒళ్ళో పడుకోబెట్టుకుని గుడ్డ విప్పేశాను. వేలు ఇచ్చాను. తెలిసే ఇచ్చాను. ముద్ద రాయలేదు, ఉత్త వేలే. లేవలేక తల మాత్రం ఎత్తి నాకింది. రెండో చెయ్యి గొంతు మీద పెట్టాను. మిషను తిరిగింది. అంత నీరసంలో కూడా తిరిగింది. తర్వాత ఆగింది. ఆగిన చాలాసేపటిదాకా నేను చెయ్యి తియ్యలేదు. నా వేలికి కూడా చెముడొచ్చిందేమోనని.

నీ తప్పంటావు. నాదంటాను. ఆ వాటాలు తేలేవి కావు. కానీ ఒక్కటి మాత్రం రాసేస్తాను. నేను ఏడుస్తానని నువ్వు కారణం రాయలేదు. ఏడ్చేవాణ్ణే. కుళ్ళి కుళ్ళి ఏడ్చేవాణ్ణి. ఏడిస్తే ఏమయ్యేది? నీ ఉత్తరం అందేసరికి చిత్తు నా వేలు నాకింది ఒక్కరోజే. బతికేది.

నాన్న మాత్రం? చెంచా చేతికిచ్చాడు గానీ ఎందుకో చెప్పలేదు. చెప్పుంటే నేను పనికి భయపడేవాణ్ణి కాదు, పిల్లిపిల్లలకి చెంచా అలవాటు చేసేవాణ్ణి. మన ఇంట్లో అందరికీ ఒకటే జబ్బు, ఎదుటివాడి మనసు కష్టపడకూడదని అసలు మాట నమిలి మింగడం.

నీ మీద కోపం లేదని రాయమంటావా? ఉంది. నువ్వు వస్తానన్నావు, రా. రావద్దని అనలేను. వస్తే మాట్లాడతానని మాత్రం మాటివ్వలేను.

జిగురు పని ఇంక చెయ్యనని యజమానితో చెప్పేశాను. కుట్టు పని మటుకే చేస్తున్నాను. గోళ్ళు మొదట్లోంచి తెల్లగా వస్తున్నాయి. నీలం చివరలకి జరిగింది, ఇంకో రెండుసార్లు కత్తిరిస్తే అదీ పోతుంది. నలభై ఏళ్ళకి నా చేతులు శుభ్రపడతాయి.

శుభ్రపడ్డాక ఈ వేలు ఎవరికి పెట్టనే?

అన్నయ్య